వోల్టేజ్ తక్కువ కనిపిస్తోందని రెగ్యులేటర్ స్క్రూ తిప్పకండి

పోయిన వారం మా పక్క హ్యాంగర్ మిత్రుడు గాల్లో ఉండగా కాక్‌పిట్‌లోకి కుళ్లిన కోడిగుడ్ల వాసన కొట్టింది. వెంటనే ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే జనరేటర్) ఆపేసి, దగ్గర్లో ఉన్న రన్‌వే మీద దిగాడు. కౌలింగ్ (ఇంజన్ మూత) విప్పి చూస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బిపోయి ఉన్నాయి. చెయ్యి ఆనించలేనంత వేడి. ఆరేళ్లపాటు శని, ఆదివారాలు గరాజ్‌లో కూర్చుని సొంత చేతులతో కట్టుకున్న విమానం అది. మనిషికి ఏమీ కాలేదు, అంతే చాలు.

జరిగింది ఏమిటంటే, చలికాలమంతా కదలని విమానాన్ని మార్చిలో బయటికి తీసినప్పుడు కాక్‌పిట్ స్క్రీన్ మీద 13.4 వోల్టులు కనిపించింది. నిరుడు 14.2 ఉండేది. ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ బలహీనపడింది అనుకుని, దాని మీద ఉన్న స్క్రూని స్క్రీన్ మీద 14.2 వచ్చేదాకా తిప్పాడు. నిజానికి బ్యాటరీ దగ్గర అప్పటికే 14.2 ఉంది. ప్యానెల్ వెనక ఒక గ్రౌండ్ లగ్ (నెగెటివ్ వైరు చివర బిగించే రింగు) వదులై, మిగతా 0.8 వోల్టు అక్కడ పోతోంది. ఆయన స్క్రూ తిప్పాక బ్యాటరీకి 15.0 వెళ్లడం మొదలైంది. టెక్సస్ ఎండ, పైన ఇంజన్ వేడి. 16 వోల్టులు దాటితే ఆల్టర్నేటర్‌ని ఆపేసే ఓవర్‌వోల్టేజ్ రక్షణ ఆ విమానంలో ఉంది. కానీ 15కి అది కదలదు.

ఇదే తప్పు నేను చూడడం ఇది మూడోసారి. జులైలో ఆష్‌కాష్ (విస్కాన్సిన్‌లో ఏటా జరిగే విమానాల మేళా) వెళ్లాలని మనలో చాలామంది ఇప్పుడే విమానాలు బయటికి తీస్తున్నారు కాబట్టి రాస్తున్నాను.

స్క్రీన్ చూపించేది ఎక్కడి వోల్టేజ్?

ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉన్న వోల్టేజ్, లైన్ చివర ఉన్న బోరు మోటారు దగ్గర ఉండదని మనందరికీ తెలుసు. విమానంలోనూ అంతే. స్క్రీన్ తన దాకా వచ్చిన వోల్టేజ్‌నే చూపిస్తుంది. దారిలో మాస్టర్ కాంటాక్టర్ (బ్యాటరీని కలిపే పెద్ద స్విచ్), బ్రేకర్, స్విచ్, నాలుగైదు క్రింపులు (నొక్కి బిగించిన వైరు జాయింట్లు), చివర్లో గ్రౌండ్. వీటిలో ఏది వదులైనా, తుప్పు పట్టినా అంకె తగ్గుతుంది, బ్యాటరీ మాత్రం బాగానే ఉంటుంది.

ఒక్కోసారి అసలు లోపమే ఉండదు. చాలామంది మెయిన్ బస్ (కరెంట్ పంచే ప్రధాన పట్టీ) నుంచి, తప్పనిసరి పరికరాలుండే ఎసెన్షియల్ బస్‌కి డయోడ్ (కరెంట్‌ని ఒకే వైపు పోనిచ్చేది) గుండా కరెంట్ ఇస్తారు. మామూలు సిలికాన్ డయోడ్ 0.6, 0.7 వోల్టు తినేస్తుంది. స్క్రీన్ ఆ బస్ మీద ఉంటే 14.2కి బదులు 13.5 కనిపించడం సహజం. మీ సొంత వైరింగ్ డ్రాయింగ్ తీసి, స్క్రీన్ ఎక్కడినుంచి కొలుస్తోందో వేలు పెట్టి వెతకండి. మీరే కట్టినా సరే, ఐదేళ్ల తర్వాత అది గుర్తుండదు.

ఎక్కడ కొలవాలి

బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద. ఇంకెక్కడా కాదు. ఇంజన్ నడుస్తుండగా, లైట్లు, పిటో హీటర్ (గాలి వేగం కొలిచే గొట్టానికి మంచు పట్టకుండా వేడిచేసేది) ఆన్ చేసి కొలవండి. లోడ్ లేకపోతే వదులు జాయింట్ దొరకదు.

అలాగని మల్టీమీటర్ పట్టుకుని తిరుగుతున్న ప్రొపెల్లర్ దగ్గరికి వెళ్లకండి. ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందే బ్యాటరీ టెర్మినళ్ల నుంచి రెండు సన్న వైర్లు కాక్‌పిట్‌లోకి లాక్కోండి. పాజిటివ్ వైరుకి బ్యాటరీ దగ్గరే 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టండి. సీట్లో కూర్చుని కొలవండి.

ఇక లెక్క సులువు. బ్యాటరీ దగ్గర 14.2, స్క్రీన్ మీద 13.4 ఉంటే లోపం దారిలో ఉంది. స్క్రూ ముట్టుకోవద్దు. రెండు చోట్లా తక్కువ ఉంటే అప్పుడు బెల్ట్, ఫీల్డ్ వైరు (ఆల్టర్నేటర్ లోపలి అయస్కాంతానికి కరెంట్ ఇచ్చేది), బ్రష్షులు, రెగ్యులేటర్ చూడాలి. రెండు చోట్లా ఎక్కువ ఉంటే మొదటి అనుమానం రెగ్యులేటర్ సెన్స్ వైరు (రెగ్యులేటర్ వోల్టేజ్ చూసుకునే వైరు) మీద. ఆ వైరులో వోల్టేజ్ పడిపోతే రెగ్యులేటర్‌కి బ్యాటరీ నిజం తెలియదు, ఇంకా ఇంకా తోస్తుంది.

గ్రౌండ్‌ని కూడా ఇలాగే పట్టుకోవచ్చు. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ప్యానెల్ గ్రౌండ్ మీద పెట్టండి. 0.1 వోల్టు దాటితే అక్కడ ఏదో ఉంది. ఇంజన్‌కీ ఫైర్‌వాల్‌కీ (ఇంజన్‌ని కాక్‌పిట్ నుంచి వేరుచేసే గోడ) మధ్య ఉండే గ్రౌండ్ పట్టీని అస్సలు వదలొద్దు. అది పాడైతే స్టార్టర్ కరెంట్ థ్రాటిల్, మిక్స్చర్ (ఇంధనం, గాలి పాళ్లు మార్చే) కేబుళ్ల గుండా దారి వెతుక్కుంటుంది. కేబుల్ లోపల కాలి బిగుసుకుపోతే థ్రాటిల్ కదలదు. స్ట్రోబ్ వేసినప్పుడల్లా ఆయిల్ టెంపరేచర్ ముల్లు ఊగుతోంటే అది ఆయిల్ సమస్య కాదు, ముందు ఆ పట్టీ చూడండి.

రోటాక్స్ 912 ఇంజన్ ఉన్నవాళ్ల రెగ్యులేటర్‌కి స్క్రూ ఉండదు. కానీ తప్పు అదే, రూపం వేరు. అంకె తగ్గగానే రెగ్యులేటర్ మార్చేస్తారు. ముందు రెగ్యులేటర్ మీద ఉండే "సి" టెర్మినల్ దగ్గర ఎంత వస్తోందో చూడండి. అక్కడ వోల్టేజ్ రాకపోతే కొత్త రెగ్యులేటర్ కూడా ఛార్జ్ చెయ్యదు.

ఇవి కూడా

మళ్లీ చెబుతున్నాను. బ్యాటరీ దగ్గర కొలవకుండా స్క్రూ తిప్పకండి.

మల్టీమీటర్ ఎర్ర వైరు ఆంపియర్ల సాకెట్‌లో ఉందేమో ప్రతిసారీ చూసుకోండి. అలాగే బ్యాటరీకి తాకిస్తే నేరుగా షార్టే.

ఉంగరం, వాచీ తీసేయండి.

బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ ముందు. బిగించేటప్పుడు నెగెటివ్ చివర.

ఆల్టర్నేటర్ పనిచేస్తోందా లేదా తెలుసుకోడానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకొద్దు. పాత కార్ల మెకానిక్‌లు చేసేవారు. విమానంలో అలా చేస్తే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగసి రేడియో, స్క్రీన్ అన్నీ పోవచ్చు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నవాళ్లు 13.2 చూసి ఛార్జ్ అవుతోందనుకోవద్దు. అది బ్యాటరీ సొంత వోల్టేజ్. ఆల్టర్నేటర్ చచ్చిపోయినా చాలాసేపు అంతే చూపిస్తుంది, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది.

మామూలు లెడ్ యాసిడ్ అయితే తక్కువ వోల్టేజ్ అలారం 13.0 దగ్గర పెట్టుకోండి. 12.0 దగ్గర పెడితే అది మోగేసరికి బ్యాటరీలో మిగిలేది చాలా తక్కువ.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నవాళ్లూ, మీకు ఇది ఇంకా ముఖ్యం. మ్యాగ్నెటో (తన స్పార్కుకి తనే కరెంట్ పుట్టించుకునేది) ఉన్న ఇంజన్ బ్యాటరీ లేకుండా నడుస్తుంది. బ్యాటరీ మీదే ఆధారపడ్డ ఇగ్నిషన్ అయితే నడవదు.

ఓవర్‌వోల్టేజ్‌తో పడిన ఆల్టర్నేటర్ ఫీల్డ్ బ్రేకర్‌ని గాల్లో మళ్లీ నొక్కొద్దు.

గాల్లో 15 దాటితే ఆల్టర్నేటర్ ఆపండి. దిగండి. కారణం నేల మీద వెతుక్కోవచ్చు.

వాసన వస్తే ఇల్లు ఎంత దగ్గరున్నా ఇంటి రన్‌వే దాకా లాగొద్దు.

గాల్లో స్క్రూడ్రైవర్ తియ్యొద్దు, ప్యానెల్ కిందకి తల దూర్చొద్దు.

ఉబ్బిన బ్యాటరీని చల్లారాక మళ్లీ వాడొద్దు.

ఒంటరిగా ఇంజన్ రన్ చెయ్యొద్దు. చక్రాలకి చోక్స్ (కదలకుండా ఆపే అడ్డుదిమ్మలు) పెట్టండి, తోకకి తాడు కట్టండి.

కొలవండి, ఆ తర్వాతే తిప్పండి. ఎప్పుడైనా తిప్పాల్సి వస్తే తిప్పాక మళ్లీ బ్యాటరీ దగ్గరే కొలవండి. లాగ్‌బుక్‌లో స్క్రీన్ అంకె పక్కనే బ్యాటరీ దగ్గర కొలిచిన అంకె, తేదీ, ఆ రోజు ఆన్‌లో ఉన్న లోడ్ రాసుకోండి.