కుంపిణీ పాలన పాఠాన్ని పిల్లలచేత చదివించే విధానం

హైస్కూలు సాంఘికశాస్త్రంలో ఆంగ్లేయుల పాలన, అంటే కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) పాలన పాఠం వచ్చినప్పుడు తేదీలు వల్లె వేయించడానికి ముందు పిల్లల చేతికి పెన్సిలిచ్చి క్రియాపదాల కింద గీత గీయమనండి. 'ప్రవేశపెట్టబడింది', 'వశమయ్యాయి' వంటి మాటలు వరుసగా బయటపడతాయి. మన ఇళ్లలో కూర వండబడిందని ఎవరూ అనరు. ఎవరు వండారో చెబుతారు. 'ఉత్తర సర్కారులు (కోస్తా ప్రాంతం) ఆంగ్లేయుల వశమయ్యాయి' అన్న వాక్యం కనిపిస్తే దాన్ని తిరగరాయించండి: 1765లో క్లైవు మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి ఆ ప్రాంతానికి ఫర్మానా (రాజాజ్ఞ) పొందాడు, మరుసటి ఏడు కుంపిణీ నిజాంతో ఒప్పందం చేసుకుంది. ఇప్పుడు కర్త దొరికాడు.

తర్వాత నామవాచకాలు చూడాలి. పేష్కషు (కుంపిణీకి కట్టవలసిన కప్పం) బకాయిల వివాదం ముదిరి, రాజ్యం విడిచి మచిలీపట్నం వెళ్లమని కుంపిణీ ఆదేశిస్తే, విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు లోబడక, 1794 జులై 10న పద్మనాభం యుద్ధంలో ప్రాణాలు విడిచారు. దీన్ని తిరుగుబాటు అనాలా, యుద్ధమనాలా, బకాయి వసూలు అనాలా? మూడు మాటలూ మార్జిన్‌లో రాయించి, ఏ మాట ఎవరి నోట వస్తుందో పిల్లలనే చెప్పమనండి. పద్మనాభం విజయనగరం నుంచి బస్సులో వెళ్లి రాగల దూరమే కనుక, ఈ చర్చ అక్కడ జరిపితే ఇంకా మంచిది.

అలాగని రాజుగారిని పొగిడి పాఠం ముగించకూడదు. ఈ రెండు పక్షాల కథలోనూ శిస్తు కట్టిన రైతు కనిపించడు. అతని కోసం పుస్తకంలో దూరదూరంగా ఉన్న పేజీలను కలపాలి. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత శిస్తు నిర్ణయం, అంటే జమీందారులు సర్కారుకు కట్టే శిస్తును శాశ్వతంగా ఖాయం చేయడం, చట్టమైంది. దాని నీడలోనే జమీందారీలు నిలిచాయి. 1940లో ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని మందస జమీందారీ రైతుల పోరాటంలో పోలీసు కాల్పులకు రైతు స్త్రీ గున్నమ్మ బలైంది. జమీందారీల రద్దు చట్టం 1948లో గాని రాలేదు. పుస్తకంలో మొదటిది పాలనా సంస్కరణగా ఒకచోట, చివరిది స్వాతంత్ర్యానంతర సంస్కరణగా మరొకచోట ఉంటే, మధ్యనున్న 146 ఏళ్లను ఒకే గీతగా గీసి చూపించడం మన పని. నా దృష్టిలో పాఠమంతటికీ ఇదే ముఖ్యం.

పరీక్షలో పుస్తకంలోని జవాబే రాయమనండి, మార్కులతో పేచీ వద్దు. ఇంటి దగ్గర మాత్రం మీ ఊరు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, మందసలలో ఏ జమీందారీ కింద ఉండేదో తాతగారిని అడిగించి, ఆయన చెప్పినది పేజీ అడుగున రాయించండి.