నడుమున మోసే చిన్న చాకు: ఎంపిక, ఒర, వాడకం

అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోట చూసుకునే మనిషికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోయవలసినవి ఎన్నో ఉంటాయి: పగిలిన డ్రిప్ పైపు, ఎరువుల బస్తా కుట్టు, టమోటా కర్రలకు కట్టిన పురికొస, చెట్టు మొదట్లో బంక కారుతున్న బెరడు, మధ్యాహ్నం దప్పికకు ఒక చీనీకాయ. వీటిలో ఏ ఒక్కదానికీ కొడవలి అవసరం లేదు. మూడు అంగుళాల చాకు ఒకటి నడుమున ఉంటే చాలు. మడత చాకు జేబులో సులువుగా పడుతుంది గాని, ఎర్రమట్టి దుమ్మూ, పండ్ల రసమూ, బంకా కలిసి దాని కీలులో చేరి బిగుసుకుపోతుంది. అంతకంటే ముఖ్యంగా, తాళం లేని మడత చాకు మీద ఒత్తిడి తప్పు దిక్కున పడితే అలుగు, అంటే కోసే రేకు, మడుచుకొని వేళ్ల మీదికే వస్తుంది. అందువల్ల రోజువారీ పనికి మడవని చాకునే మోయమని నేను చెబుతాను. అయితే మడత చాకు తన పదునును తానే దాచుకుంటుంది. మడవని చాకు పదును ఎల్లప్పుడూ తెరిచే ఉంటుంది గనుక దానికి మంచి ఒర కావాలి, పట్టుకునే చేతికి కొన్ని అలవాట్లు కావాలి.

కొనేటప్పుడు పొడవు మీద మోజు పడవద్దు. పిడి బయట ఉండే అలుగు రెండున్నర నుంచి మూడున్నర అంగుళాలు, వెన్ను దగ్గర మందం రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. ఇంతకంటే మందమైన చాకు కాయను కోయదు, చీలుస్తుంది. పదును ఒక అంచుకే ఉండాలి. వెన్ను మొద్దుగా ఉంటేనే దాని మీద బొటనవేలు ఆనించి ఒత్తగలుగుతాము. అలుగు ఇనుము పిడి చివరిదాకా సాగి, రెండు పక్కలా చెక్కలు రివెట్లతో బిగించి ఉన్నది మేలు. సన్నని తోకను పిడిలోకి దింపి లక్కతో అతికించినవి వంటింట్లో పనికొస్తాయి గాని, బెరడు గీకేటప్పుడు పక్కకు ఒత్తితే వదులవుతాయి. పిడికీ అలుగుకూ నడుమ వేలు ముందుకు జారకుండా ఒక చిన్న అడ్డు గాని, వేలికి సరిపడే గుంట గాని ఉందో లేదో చూడండి. చెమట పట్టిన చేతికి అదే రక్ష.

లారీ కమాను పట్టీతో కమ్మరి కొలిమిలో చేయించుకున్న చాకుకు పదును బాగా ఎక్కుతుంది, సులువుగానూ ఎక్కుతుంది. కానీ అది తుప్పు పట్టే ఉక్కు, చీనీరసం తగిలిన పూటే నల్లబడుతుంది. ఆ నలుపుతో హాని లేదు. ఎర్రటి తుప్పునే రానివ్వకూడదు. రోజూ తుడిచే ఓపిక లేనివారికి స్టెయిన్‌లెస్ మంచిది.

ఒర విషయానికి వస్తే, నేను చాకుకు పెట్టినంత డబ్బు ఒరకూ పెట్టమంటాను. యౌవనంలో ఒర లేని చాకును గుడ్డపేలికలో చుట్టి రొంటిన దోపుకొని తిరిగేవాణ్ణి. ఒకరోజు వేరుశనగ బస్తా ఎత్తడానికి వంగినప్పుడు మొన పేలికను చీల్చుకొని బయటికి వచ్చింది. తొడ మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది. మంచి ఒరకు పరీక్ష ఇది: చాకును ఒరలో పెట్టి, తలకిందులుగా పట్టుకొని గట్టిగా విదిలించినా జారిపడకూడదు, బొటనవేలితో ఒరను నెట్టగానే సులువుగా రావాలి. తోలు ఒర అయితే పదును ఆనే అంచు వెంబడి రెండు తోళ్ల నడుమ మూడో తోలు పట్టీ వేసి కుట్టి ఉండాలి. లేకపోతే పదును నేరుగా కుట్టుదారం మీద పడి, కొన్నాళ్లకు దాన్ని తెంపుతుంది. మన సీమలో విరివిగా దొరికే తంగేడు పట్టతో శుద్ధి చేసిన తోలు ఒకప్పుడు దక్షిణాదిన పేరు పడింది. అటువంటి చెట్టుపట్ట తోలు దొరికితే ఒరకు శ్రేష్ఠం, ఎందుకంటే అది తడిపి అదిమితే చాకు ఆకారానికి ఒదిగి, ఆరాక గట్టిపడుతుంది. తోలు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి ఇంట్లో చాకును నెలల తరబడి తోలు ఒరలోనే ఉంచకూడదు. ప్లాస్టిక్ ఒరకు ఆ బెడద లేదు, నీళ్లతో కడిగేయవచ్చు. అయితే వేసవిలో ఎండన నిలిపిన కారులో వదిలేస్తే వంకర పోవచ్చు.

కుడిచేతి వాటం ఉన్నవారు కుడి తుంటి మీద, కొంచెం వెనకగా, నిలువుగా వేలాడేలా బెల్టుకు కట్టుకోవడం ఉత్తమం. పొట్టకు అడ్డంగా కట్టుకుంటే వంగినప్పుడు గుచ్చుకుంటుంది. నడుము వెనక వెన్నెముక మీద పెట్టుకుంటే, జారిపడినప్పుడు గట్టి పిడి వెన్నుకే తగులుతుంది. మోటారు సైకిలు ఎక్కేముందు ఒరతో సహా తీసి సంచిలో పెట్టండి. లుంగీ కట్టేవారు రొంటిన దోపుకోవడం మాని, తోటకు వెళ్లేటప్పుడు లుంగీ మీద వెడల్పైన బెల్టు కట్టుకోవడం అలవాటు చేసుకోవాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనలు కత్తులూ బాకులూ వంటి పదునైన ఆయుధాలను ఒక వర్గంగా చూపి, తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగులను పేర్కొన్నాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమ అవసరాలకు చేసిన వాటిని మినహాయించాయి. మూడు అంగుళాల తోటచాకు ఆ కొలతలకు చాలా లోపలే ఉంటుంది. అయినా ఎన్నికల సమయంలోనో, గొడవలు జరిగినప్పుడో అధికారులు భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షను కింద, అంటే పాత 144వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన దాని కింద, ఆయుధాలు పట్టుకు తిరగడాన్ని నిషేధించవచ్చు. కోర్టుకు, కలెక్టరేటుకు, పోలింగు కేంద్రానికి, గుడికి వెళ్లేటప్పుడు చాకును ఇంట్లోనే ఉంచండి. కడపలో గాని ఓర్వకల్లులో గాని విమానం ఎక్కేవారు దాన్ని చేతిసంచిలో ఉంచుకోరాదు. ఫ్యాక్షన్ గొడవల్లో మనుషులను పోగొట్టుకున్న ఇళ్లు మన చుట్టూ ఇంకా ఉన్నాయి. అటువంటి నేల మీద చాకును చొక్కా కింద దాచుకోవద్దు. పనికి వెళ్లేటప్పుడు అందరికీ కనబడేలా కట్టుకొని, పని ముగియగానే విప్పి పెట్టండి. మాటా మాటా పెరిగిన చోట దాని మీద చేయి కూడా వేయవద్దు.

ఇక వాడకం. మన చేతులు కత్తిపీటకు అలవాటు పడినవి. అక్కడ పదును కదలదు, కూరగాయే పదును మీదికి వెళుతుంది. ఆ అలవాటుతోనే చాకు పట్టినప్పుడు వస్తువును ఎడమచేత పట్టి, చాకును బొటనవేలి వైపు లాక్కుంటూ కోస్తాము. మెత్తని చీనీకాయకు అది చెల్లుతుంది గాని, గట్టి పురికొస ఒక్కసారిగా తెగితే చాకు ఆగేది బొటనవేలి మీదే. కాబట్టి ఏది కోసినా, అది తెగిన తర్వాత చాకు ఎటు పోతుందో ముందు చూసుకొని, ఆ దారిలో ఒంటి భాగం ఏదీ లేకుండా కూర్చోవాలి. గొంతుక్కూర్చొని రెండు తొడల నడుమ కోయడం మనకు సహజంగా వచ్చే భంగిమ; అదే అత్యంత ప్రమాదకరం కూడా, ఎందుకంటే తొడ లోపలి పక్కన పెద్ద రక్తనాళం పోతుంది. పనిని మోకాళ్లకు అవతల, పక్కగా పెట్టుకోండి.

డ్రిప్ పైపును గాలిలో పట్టుకొని కోస్తే కోత ఏటవాలుగా వచ్చి, జాయినరు సరిగ్గా కూర్చోక నీరు కారుతుంది. పైపును ఒక కట్టెముక్క మీద ఆనించి, చాకును నిటారుగా పెట్టి, పైపును ముందుకూ వెనక్కూ దొర్లిస్తూ ఒత్తితే కోత నేరుగా వస్తుంది. ఎరువుల బస్తాకు గొలుసు కుట్టు ఉంటుంది. చివర ఒక్క ముడి కోసి సరైన దారపు కొసను పట్టి లాగితే కుట్టంతా ఊడివస్తుంది, గోతాం చిరగకుండా మరో పనికి మిగులుతుంది. చీనీ చెట్టుకు బంక తెగులు వచ్చినప్పుడు కుళ్లిన బెరడును ఆరోగ్యమైన కణజాలం కనబడేదాకా గీకి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన లేపనం) పూస్తాము. దీనికి చాకు మొనను వాడకుండా, అలుగు నడిమి భాగాన్ని కాస్త వాల్చి, పైనుంచి కిందికి, ఒంటికి దూరంగా గీకాలి. గీకిన పెళ్లలను తోటలో వదలకుండా ఏరి కాల్చండి. ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు వెళ్లేముందు అలుగును స్పిరిట్‌తో తుడవండి. లేకపోతే తెగులును మనమే మోసుకుపోయినవాళ్లమవుతాము. డబ్బా మూతలు తెరవడానికీ, మేకులు పీకడానికీ చాకు మొనను వాడరాదు. విరిగిన ముక్క ముఖం మీదికి ఎగరవచ్చు.

మా చిన్నాయన చాకును ఎప్పుడూ చేతికి ఇచ్చేవాడు కాదు. చేతికిస్తే తగవులొస్తాయని, నేల మీద పెట్టి "తీసుకో నాయనా" అనేవాడు. తగవుల మాట ఎలా ఉన్నా, ఇద్దరి చేతుల మధ్య పదును మారకపోవడం మంచి పద్ధతి. మా పనివాళ్లందరికీ నేను అదే నేర్పాను.

తెగితే ముందు శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, తెరిచి చూడకుండా పది నిమిషాలు పట్టుకోండి; పసుపు, కాఫీపొడి కూరవద్దు. వేలు మొద్దుబారినా, వంచలేకపోయినా, రక్తం ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చిన్న గాయానికైనా ధనుర్వాతం ఇంజెక్షను సంగతి వైద్యుణ్ణి అడగండి.

మొద్దు చాకుకు బలం ఎక్కువ కావాలి, బలం ఎక్కువైతే జారుతుంది. అందుకే వారానికొకసారి నూరడం మేలు. రెండు వైపులా గరుకూ నునుపూ ఉన్న సానరాయిని తడిపి, కదలకుండా గుడ్డ మీద పెట్టండి. అలుగును రాయికి సుమారు 20 డిగ్రీల వాలులో ఉంచాలి. ఒక అంగుళం వెడల్పు ఉన్న అలుగుకు వెన్ను రాయి నుంచి 8 లేదా 9 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే ఆ వాలు వస్తుంది. ఒకే వైపు నూరుతూ ఉంటే రెండో వైపు అంచు వెంబడి సన్నని గరుకు వేలికి తగులుతుంది. అది పిడి దగ్గరి నుంచి మొన దాకా వచ్చిన తర్వాతే తిప్పి రెండో వైపు నూరండి. చివరికి నునుపు రాయి మీద తేలికగా లాగి, పాత తోలుబెల్టు మీద వెన్ను ముందుగా పదిసార్లు రాయండి. వీధిలో తిరిగే సానచక్రానికి ఇవ్వవలసి వస్తే దగ్గర నిలబడి చూడండి: అంచు నీలం రంగు తిరిగిందంటే వేడికి ఉక్కు మెత్తబడినట్టే, ఆ భాగం పదును నిలవదు.

పని ముగిశాక కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనెనో కుట్టుమిషను నూనెనో ఒక చుక్క రాయండి. దసరాకు ఆయుధపూజలో చాకుకు పసుపు కుంకుమలు పెట్టేవారు మరునాటి ఉదయమే ఆ తడిని తుడిచివేయాలి. బొట్టు పెట్టిన చోటే తుప్పు గుంటలు పడిన చాకులను నేను ఇప్పటికే రెండింటిని సానరాయి మీద బాగు చేయవలసి వచ్చింది.