వానకీ రాకెట్లకీ ముందే, టెర్రస్ మీది పైన్ చెక్క సంగతి చూసుకోండి

చెన్నైలో అక్టోబరు వచ్చిందంటే ఈశాన్య రుతుపవనాల వాన, కాస్త అటూ ఇటూగా దీపావళి. ఒకటి చెక్కని కుళ్లబెడుతుంది, ఇంకోటి పక్క మేడ మీంచి రాకెట్‌గా వచ్చి పడుతుంది. టెర్రస్ మీద పైన్ బెంచీలు, పందిరి ఉన్నవాళ్లు సెప్టెంబరులోనే పని మొదలుపెట్టండి.

పాత ప్యాలెట్ (సరుకుల రవాణాలో వాడే చెక్క పలక) చెక్కతో చేయించుకున్నవాళ్లకి ఒక మాట. దాని మీద హెచ్‌టీ అని ముద్ర ఉంటే చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని అర్థం, అంతే. అప్పటికి ఉన్న పురుగు చచ్చింది, రేపు వచ్చే చెదకి అడ్డేమీ లేదు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పొగ పట్టించింది, దాన్ని ఇంట్లోకి తేకపోవడమే మంచిది.

చెక్కకి ఇంట్లో చేసుకోగలిగిన మందు బోరాక్స్ (మన వెలిగారమే), బోరిక్ పౌడర్ కలిపిన నీళ్లు. 10 లీటర్ల వేడి నీళ్లకి 600 గ్రాములు బోరాక్స్, 400 గ్రాములు బోరిక్ పౌడర్. పురుగుకీ బూజుకీ విషం, మంట అంటుకోవడాన్ని కూడా కొంత ఆలస్యం చేస్తుంది. కొంతే! బ్రష్‌తో పూస్తే మందు పైపైనే ఉంటుంది, గట్టి రక్షణ కావాలంటే ఫ్యాక్టరీలో ప్రెషర్ పెట్టి లోపలికి ఎక్కించిన చెక్కే కొనాలి.

ముందు పాత పాలిష్ గీకేయండి. చెక్క మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లితే ముత్యాల్లా నిలబడ్డాయంటే ఇంకా గీకాలి. కోసిన చివర్లు ఎక్కువ పీలుస్తాయి, అక్కడే మూడు నాలుగుసార్లు పట్టించాలి. పోయినేడాది నేను బెంచీ అంతా పూసి కాళ్ల అడుగున వదిలేశాను, డిసెంబరు కల్లా వేలితో నొక్కితే టీలో నానిన బిస్కెట్‌లా దిగిపోయింది. అన్నట్టు, ఈ బోరాక్స్ మందు వాన నీళ్లకి కరిగి కారిపోతుంది, కాబట్టి బాగా ఆరాక పైన పెయింట్ తప్పనిసరి, కాళ్ల కింద రాయి కూడా.

గ్లవ్స్, మాస్క్ వేసుకోండి. బోరిక్ పౌడర్ అంటే క్యారమ్స్ పౌడరే కదా అని వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన మాత్రం పెట్టకండి. పచ్చగా కనిపించే ట్రీటెడ్ చెక్క ముక్కలుంటే పొయ్యిలో వేయొద్దు, అందులో ఆర్సెనిక్ ఉండొచ్చు.

పెయింట్ బదులు అవిసె నూనె రాసేవాళ్లు, తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేస్తే అది దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. తీగ మీద విడిగా ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచేయండి.