ఫ్లైట్ ఎక్కేలోపు బ్యాంకు పని

జూలై వచ్చిందంటే నల్లగొండలో సూట్‌కేసుల బేరాలు మొదలవుతాయి. ఆగస్టులో అమెరికా కాలేజీలు తెరుస్తారు కాబట్టి మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట పిల్లలంతా ఇంచుమించు ఒకేసారి బయలుదేరతారు. పచ్చళ్లు కారకుండా కట్టడం, 23 కిలోల తూకం, చుట్టాల ఇళ్లల్లో భోజనాలు, అన్నిటికీ టైమ్ దొరుకుతుంది. బ్యాంకుకు మాత్రం దొరకదు. యాప్ ఉంది కదా అనుకుంటారు. నేనూ అట్లే అనుకుని వెళ్లాను.

నా అకౌంటు ఇంటర్‌లో స్కాలర్‌షిప్ కోసం తెరిచింది. ఫారం మీద తెలుగులో పేరు మొత్తం గుండ్రంగా రాసి సంతకం అన్నాను. పాస్‌పోర్టు నాటికి అది ఇంగ్లీషులో ఒక గీత అయింది. వెళ్లిన నాలుగో నెలలో ఇక్కడి సిమ్ ఆగిపోయింది, ఓటీపీలు బంద్. నంబరు మార్చమని ఫారం నింపి పంపితే, సంతకం కలవలేదని తిప్పి పంపారు. మా నాన్న క్లాక్ టవర్ సెంటర్ నుంచి బ్రాంచికి ఐదుసార్లు నడిచారు. కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ తిప్పి నా పాత సంతకం చూపించిందట. "ఇది మావాడిదే, నాకు తెలుసు" అన్నారట నాన్న. తెలిస్తే సరిపోదు కదా! చివరికి అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో సంతకం అటెస్ట్ చేయించి పంపితే గానీ పని కాలేదు. ఇక్కడ ఉన్నప్పుడు వెళ్లి ఉంటే అరగంట పని.

అందుకే మొదటి పని, పాస్‌పోర్టులో ఉన్న సంతకమే బ్యాంకులో ఉందో లేదో చూసుకోండి. మైనరుగా తెరిచిన అకౌంటైతే 18 నిండాక కేవైసీ మళ్లీ ఇచ్చారా లేదా అడగండి. నామినీ ఎవరో అప్పుడే చూడండి. చాలా పాత అకౌంట్లలో ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

సిమ్ సంగతి. 90 రోజులు ఏమీ వాడకపోతే కంపెనీ నంబరు తీసేయవచ్చు. ప్రీపెయిడ్‌లో కనీసం 20 రూపాయలు బ్యాలెన్స్ ఉంటే, అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు. వెళ్లేముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, సిమ్ మీతోనే తీసుకుపోండి. చాలామంది సిమ్‌ను నాన్న ఫోన్లో వేసి, ఓటీపీ వచ్చినప్పుడల్లా చదివించుకుంటారు. నాకది అసలు నచ్చదు. ఫోన్లో అడిగితే ఓటీపీ చెప్పడం ఒకసారి అలవాటైన పెద్దమనిషి, రేపు ఎవడో బ్యాంకు మేనేజర్‌నని ఫోన్ చేసినా అంతే ఓపికగా చెప్తారు.

ఇక అకౌంటు రకం. ఉద్యోగానికి వెళ్లినా, చదువుకు వెళ్లినా విదేశీ డబ్బు లావాదేవీలు చూసే ఫెమా చట్టం లెక్కలో మీరు ఎన్నారై. మామూలు సేవింగ్స్ అకౌంటును అట్లాగే నడపకూడదు, ఎన్నార్వోగా, అంటే ఎన్నారైల ఇక్కడి ఆదాయం పడే అకౌంటుగా, మార్పించాలి. కొన్ని బ్యాంకులు వీసా చూసి ముందే ఫారం తీసుకుంటాయి, కొన్ని అక్కడి అడ్రస్ ప్రూఫ్ అడుగుతాయి. ఏది కావాలో బయలుదేరకముందే అడిగి రాసుకోండి. మీ పేరు మీద పొలం ఉండి వడ్ల పైసలో, బత్తాయి తోట కౌలో వస్తుంటే అవి పడాల్సింది ఈ ఎన్నార్వోలోనే. దాని వడ్డీ మీద 30 శాతం పన్ను, దానిపై సెస్సు కూడా బ్యాంకే పట్టుకుంటుంది. అక్కడ సంపాదించి పంపేది ఎన్నార్‌ఈ అనే ఇంకో రకం ఎన్నారై అకౌంటులో వేయండి. ఆ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అసలూ వడ్డీ ఎప్పుడైనా వెనక్కి తీసుకుపోవచ్చు. ఎన్నార్వో నుంచి బయటికి పంపాలంటే ఏడాదికి పది లక్షల డాలర్ల హద్దు, చార్టర్డ్ అకౌంటెంట్ కాగితాలు ఉంటాయి. ఇంట్లో వాళ్లు ఇక్కడి రూపాయలు తెచ్చి ఎన్నార్‌ఈలో కడదామంటే కుదరదు. పాత పీపీఎఫ్ (ప్రభుత్వ పొదుపు ఖాతా) ఉంటే గడువు దాకా నడుపుకోవచ్చు, కొత్తది తెరవనివ్వరు.

నాన్న పేరు జాయింటుగా పెట్టాం, ఆయనే చూసుకుంటారు అనుకుంటే ఒక మెలిక ఉంది. ఎన్నార్‌ఈలో ఊళ్లో ఉన్న దగ్గరి బంధువును 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలోనే చేర్చుకుంటారు. అంటే మీరున్నంత కాలం మీ సంతకమే చెల్లుతుంది. లోన్ కిస్తీ కట్టడానికో, ఇంటి పన్నుకో ఆయన డబ్బు తీయాలంటే మీ తరఫున ఆయన నడపొచ్చని బ్యాంకుకు విడిగా మాండేట్ లెటర్ ఇవ్వాలి.

ఫీజు పంపే దగ్గర అందరికీ టెన్షన్ టీసీఎస్, అంటే విదేశాలకు పంపే డబ్బు మీద బ్యాంకు ముందే పట్టుకునే పన్ను. ఏడాదికి ఒక మనిషి పంపేది 10 లక్షలు దాటితే, పై మొత్తం మీద పట్టుకుంటారు. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ నుంచి నేరుగా వెళ్లే ఫీజుకు అది లేదు. పట్టుకున్నది ఎవరి పాన్ మీద పంపితే వాళ్ల పాన్‌లో కనిపిస్తుంది. ఎప్పుడూ రిటర్న్ వేయని నాన్న పంపితే, ఆ ఏడాది ఆయన రిటర్న్ వేస్తేనే వెనక్కి వస్తుంది. చేతిలో నోట్లు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే ఇస్తారు. నా లెక్కలో అంత కూడా అక్కర్లేదు. ఐదారు వందలు చాలు, మిగతాది ముందే డాలర్లు నింపుకునే ఫారెక్స్ కార్డులో వేసి, పిన్ ఇక్కడే పెట్టుకోండి.

ఇంకో చిన్న విషయం. మనవైపు ఇప్పటికీ ఎస్‌బీహెచ్ అంటారు, ఆంధ్రా బ్యాంకు అంటారు. మొదటిది 2017లో ఎస్‌బీఐలో, రెండోది 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. బీరువాలోని పాత పాస్‌బుక్ చూసి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ కొట్టకండి. విదేశాల నుంచి వచ్చే డబ్బుకు స్విఫ్ట్ కోడ్ కూడా కావాలి. అది ప్రతి బ్రాంచికీ ఉండదు, ఏ బ్రాంచిది ఇవ్వాలో మీ బ్యాంకునే అడగండి.

పంపేటప్పుడు "ఛార్జీలు సున్నా" అనే బోర్డు చూసి మురిసిపోకండి. గూగుల్‌లో డాలరు 90 చూపిస్తుంటే వాళ్లు 88.50 ఇస్తారనుకోండి, వెయ్యి డాలర్లకు 1,500 రూపాయలు అక్కడే పోయినట్టు. ఇంటికి చివరికి ఎన్ని రూపాయలు పడతాయో ఆ ఒక్క అంకెనే పోల్చండి. అమెరికాలో నోట్లు కట్టి పంపితే 2026 నుంచి ఒక శాతం పన్ను కూడా ఉంది. బ్యాంకు అకౌంటు నుంచో, అక్కడి డెబిట్ కార్డుతోనో పంపితే లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదమైనది. వెళ్లిన వారానికే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది: "అర్జంటుగా డాలర్లు కావాలి, ఇండియాలో మీవాళ్లకు రూపాయలు వేస్తా, గూగుల్ రేటు కంటే రూపాయి ఎక్కువ." రాసేది తెలుగువాడే, మీ కాలేజీ పేరే చెప్తాడు. మాకు వరసకు అక్క అయ్యే ఒకామె కొడుకు ఇట్లా రెండు వేల డాలర్లు ఇచ్చాడు. ఇక్కడ ఆమె అకౌంటులో నాలుగు వేర్వేరు పేర్ల నుంచి రూపాయలు పడ్డాయి. సంతోషపడ్డారు. ఇరవై రోజులకు అకౌంటు ఫ్రీజ్. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒకాయన్ను మోసం చేసి గుంజిన పైసలవి. ఆయన సైబర్ క్రైమ్‌కు కంప్లైంట్ ఇచ్చాడు, డబ్బు జాడ వెతుక్కుంటూ పోలీసులు ఈమె దాకా వచ్చారు. వడ్ల పైసలు, లోన్ కిస్తీ అన్నీ ఆ అకౌంటులోనే. కిస్తీ బౌన్స్ అయింది. ఆ గ్రూపులోని అబ్బాయి నంబరు స్విచాఫ్.

పోలీసు కేసు లేకపోయినా ఈ మార్పిడి ఫెమాకు విరుద్ధమే, మొత్తానికి మూడింతల దాకా జరిమానా వేయొచ్చు. పాలమూరు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు బ్యాంకు లేకుండా చేతుల మీద డబ్బు చేర్చే హుండీ వాళ్లు చెప్పే మంచి రేటు కూడా ఇదే కోవలోది. ఎక్స్‌చేంజ్ హౌస్‌లో కట్టి రసీదు ఉంచుకోండి. తెలియని పేరుతో డబ్బు పడితే తిరిగి పంపమని ఎవరు బతిమాలినా మీరే పంపకండి, బ్రాంచికి రాసివ్వండి. మోసపోయామని తెలిసిన నిమిషంలో ఇంట్లో వాళ్లు 1930కి ఫోన్ చేయాలి.

బ్రాంచికి ఆఖరి వారంలో కాకుండా, ప్రయాణానికి నెల ముందే వెళ్లండి. రెండో, నాలుగో శనివారాలు సెలవు. పాస్‌పోర్టు, వీసా, కాలేజీ ఇచ్చిన ఐ-20 ఫారం, పాన్ జిరాక్సులు రెండేసి సెట్లు, నాలుగు ఫోటోలు పట్టుకెళ్లండి. నాన్నను వెంట తీసుకెళ్లి, రేపు ఆయన ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో ఆ కౌంటర్ చూపించి రండి.