క్యాన్సర్‌కు కరెంటు (రేడియోథెరపీ) పెట్టించాలంటే ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు

మా పెద్దమ్మకు గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ అని తేలినప్పుడు ఇంట్లో అందరి టెన్షనూ ఒక్కటే: ఆరోగ్యశ్రీ వస్తుందా, రాదా? అది మూడు రోజుల్లో వచ్చేసింది. ఉదయగిరి దగ్గరి పల్లె నుంచి నెల్లూరికి కరెంటు పెట్టించడానికి వారానికి ఐదు రోజులు ఆమెను ఎట్లా తిప్పాలన్నది మాత్రం ఎవరం ఆలోచించలేదు. 25 సిట్టింగుల్లో పదకొండోది అయ్యాక బస్టాండులో కూలబడి, "ఇంక నా వల్ల కాదు నాయనా" అంది. అందుకే మంజూరు సంగతి ఇక్కడ క్లుప్తంగా చెప్పి, ప్రయాణం గురించీ, మన జిల్లాలోనే మెషీన్ కావాలని పెట్టే అర్జీ గురించీ ఎక్కువ రాస్తున్నాను.

మన వైపు రేడియోథెరపీని, అంటే క్యాన్సర్ మీదికి రేడియేషన్ కిరణాలు పంపే చికిత్సను, కరెంటు పెట్టడం అంటారు. కరెంటుకూ దానికీ సంబంధం లేదు. షాక్ కొట్టదు, పెట్టేటప్పుడు నొప్పి ఉండదు, పది పదిహేను నిమిషాల్లో బల్ల దిగొచ్చు. క్యాన్సర్ వచ్చిన వాళ్లలో దాదాపు సగం మందికి ఏదో ఒక దశలో ఇది అవసరం పడుతుంది.

మంజూరు

పథకం 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. బియ్యం కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు, సీటీ లేదా ఎమ్మారై ఫిల్ములు పట్టుకుని నెట్‌వర్క్ ఆస్పత్రికి, అంటే పథకంలో ఉన్న ఆస్పత్రికి, వెళ్తే ముందుగానే పథకం కౌంటర్ కనిపిస్తుంది. అక్కడ కూర్చునే ఉద్యోగిని మిత్ర అంటారు. పేరు నమోదు చేసేది ఆయనే. డాక్టర్లు చికిత్స ప్లాన్ రాశాక ఆస్పత్రి వాళ్లే పథకం నడిపే ట్రస్టుకు ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి కోసం పంపుతారు. మీరు విడిగా ఫారం నింపే పని లేదు. మంజూరైన చికిత్సకు డబ్బు కట్టమని ఎవరైనా అంటే కౌంటర్ దగ్గరే నిలబడి హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేయండి, ఇంటికొచ్చాక కాదు. ఆధార్‌లో, కార్డులో, బయాప్సీ రిపోర్టులో పేరు ఒకే రకంగా ఉందో లేదో ముందే చూసుకోండి. ఫైలు ఆగేది ఎక్కువగా ఈ చిన్న తేడాల దగ్గరే.

అనుమతికి పంపేముందు డాక్టరును మూడు సంగతులు అడిగి కాగితం మీద రాయించుకోండి. ఎన్ని సిట్టింగులు? లోపల పెట్టే రేడియేషన్, అంటే బ్రాకీథెరపీ, కూడా ఉందా? ఉంటే అది ఇదే ఆస్పత్రిలో చేస్తారా? రెండో ప్రశ్న మేము అడగలేదు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు బయటి నుంచి పెట్టేది సగం పనే, చాలామందికి దాని తర్వాత లోపల కూడా పెట్టాలి. పథకం లెక్కలో ఆ రెండూ వేర్వేరు ప్యాకేజీలు. మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లో ముగియాలని డాక్టర్లు చెబుతారు. రెండో అనుమతి కోసం, వేరే ఊళ్లో తేదీ కోసం తిరుగుతూ ఆ ఎనిమిది వారాల్లో రెండు పోగొట్టుకుంటే నష్టం రోగికే. నోరు, గొంతు క్యాన్సర్లకూ ఇదే మాట: 30 నుంచి 35 సిట్టింగులు, మధ్యలో గ్యాప్ వస్తే చికిత్స పని తగ్గుతుంది. మెషీన్ చెడిపోయి రెండు మూడు రోజులు ఆగితే ఇంటికెళ్లిపోకుండా, ఆ గ్యాప్ ఎట్లా పూడుస్తారో డాక్టరును అడగండి. శనివారం పెట్టడమో, కొందరికి ఒకే రోజు రెండుసార్లు పెట్టడమో చేస్తారు.

ఆస్పత్రి ఎంపిక, ప్రయాణం

పెద్ద పేరున్న చోటుకే పోవాలనుకుంటాం. నన్నడిగితే, రేడియేషన్ విషయంలో రోజూ చేరుకోగలిగిన చోటే మంచి చోటు. నెల్లూరులో రెడ్ క్రాస్ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, తిరుపతిలో స్విమ్స్ ఉంది, గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) క్యాన్సర్ విభాగం ఉంది. గిద్దలూరు, కంభం, మార్కాపురం వాళ్లు అలవాటుగా ఒంగోలు వైపు చూస్తారు గానీ వాళ్ల రైలు లైను నంద్యాల నుంచి గుంటూరు పోయేది. బస్సులో ఒంగోలు చేరి మళ్లీ ఇంకో బండి ఎక్కే బదులు నేరుగా గుంటూరులో దిగొచ్చు. చెన్నై అయితే ఆ ఆస్పత్రికి మన పథకం వర్తిస్తుందో లేదో 104లో కనుక్కున్నాకే బయలుదేరండి.

రైల్వే రాయితీ గురించి చాలామందికి తెలియదు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం. సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. రైల్వే నమూనాలో ఉన్న సర్టిఫికెట్‌పై చికిత్స చేసే ఆస్పత్రి డాక్టరు సంతకం, ముద్ర వేయించుకుని స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్‌లో చూపాలి. ఇంటి దగ్గరి స్టేషన్ నుంచి ఆస్పత్రి ఉన్న ఊరికే ఇది చెల్లుతుంది. కావలి, ఒంగోలు వాళ్లకు బాగా పనికొస్తుంది. ఉదయగిరికి రైలే లేదు కాబట్టి మాకు పనికిరాలేదు. చివరికి నెల్లూరులో నెల రోజులకు ఒక గది తీసుకున్నాం. బస్సు చార్జీలు, నా కూలి పోయిన రోజులు కలిపి చూస్తే గది అద్దె పెద్ద ఎక్కువేం కాలేదు. ఆ పని మొదటి రోజే చేయాల్సింది. ఆస్పత్రిలో చేర్చుకుని పెట్టే వీలుందా అని కూడా మిత్రను అడగండి, కొన్నిచోట్ల దూరం వాళ్లకు వార్డు ఇస్తారు.

కార్డు లేని వాళ్లు, పథకంలో లేని చికిత్స పడిన వాళ్లు ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోవాలి. ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా వెళ్లడం మామూలు దారి. చికిత్సకు ముందైతే ఆస్పత్రి ఎస్టిమేట్‌తో ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆస్పత్రికి రాసిచ్చే హామీ పత్రం) అడగొచ్చు, తర్వాతైతే ఒరిజినల్ బిల్లులు కావాలి. ఒరిజినల్స్ ఇచ్చే ముందు జిరాక్సులు తీసుకోవడం మరిచిపోకండి.

జిల్లాలో మెషీన్ అడిగే అర్జీ

ఇది ఎవరైనా పెట్టొచ్చు, రోగే కానక్కర్లేదు. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, రసీదు నంబరు తీసుకుని, 1100కు ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవాలి.

"మాకు క్యాన్సర్ ఆస్పత్రి కావాలి" అని రాస్తే ఆ అర్జీ జిల్లా వైద్యాధికారికి పోతుంది, మా పరిధిలోది కాదన్న జవాబుతో మూతపడుతుంది. ఒంగోలు, నెల్లూరు జీజీహెచ్‌లు వైద్య కళాశాలలకు అనుబంధం కాబట్టి వాటి పై అధికారి వైద్య విద్య సంచాలకులు. అర్జీ ఆయన పేర రాసి, కలెక్టర్ ద్వారా అని పెట్టండి. కాపీలు ఆస్పత్రి సూపరింటెండెంటుకు, ఎమ్మెల్యేకు, ఎంపీకి.

లోపల ఏం రాయాలంటే, ముందు జనాభా లెక్క. 2011 జనగణనలో ఉమ్మడి నెల్లూరు జిల్లా 29 లక్షలు దాటింది, ఉమ్మడి ప్రకాశం దాదాపు 34 లక్షలు. పది లక్షల మందికి కనీసం ఒక మెషీన్ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు మీద అందరూ వాడే లెక్క. రెండు జిల్లాలకు కలిపి ఆరు. ఆ తర్వాత మీ ఊరి నుంచి ఆస్పత్రికి ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని సిట్టింగులు, ఎన్ని పని దినాలు పోయాయి, సొంత లెక్కే రాయండి. మా పెద్దమ్మకు రానుపోను రెండొందల కిలోమీటర్లు, ఆ లెక్కన 25 రోజులకు ఐదు వేల కిలోమీటర్లు అని రాసిన ఒక్క వాక్యం దగ్గరే అధికారి తలెత్తి చూశారు.

మెషీన్ ఒక్కటే అడగొద్దు. మందపాటి కాంక్రీటు గోడల గది కట్టాలి, అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు రావాలి, రేడియేషన్ డాక్టరు, మెడికల్ ఫిజిసిస్టు (రేడియేషన్ మోతాదు లెక్కలు చూసేవారు), టెక్నీషియన్ల పోస్టులు మంజూరవ్వాలి. వీటిలో ఏది తప్పినా గదికి తాళమే. మెషీన్, గది, లైసెన్సు, పోస్టులు నాలుగూ విడివిడిగా రాస్తే జవాబు కూడా నాలుగింటికీ ఇవ్వాల్సి వస్తుంది.

నెల దాటినా కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద జీజీహెచ్ పౌర సమాచార అధికారికి దరఖాస్తు ఇవ్వండి. ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు జిరాక్సు జత చేస్తే అదీ అక్కర్లేదు. రేడియోథెరపీ విభాగానికి మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, మెషీన్ కోసం పంపిన ప్రతిపాదనల కాపీలు, గత ఏడాది రేడియేషన్ కోసం బయటికి రిఫర్ చేసిన రోగుల సంఖ్య అడగండి. ఎక్కడైనా కోబాల్ట్ మెషీన్ ఉంటే అందులోని సోర్స్, అంటే కిరణాలు వచ్చే కోబాల్ట్ ముక్క, చివరిసారి ఎప్పుడు మార్చారో కూడా అడగాలి. కోబాల్ట్ బలం ఐదేళ్ల మూడు నెలలకు సగమవుతుంది, అప్పుడు ఒక్కో రోగికి పట్టే సమయం రెట్టింపై క్యూ పెరుగుతుంది.

జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లో అదే శాఖలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు. జవాబు వస్తే మాత్రం దాని జిరాక్సును పాత అర్జీ రసీదు నంబరుతో కలిపి, వచ్చే సోమవారం మళ్లీ కలెక్టరేట్‌లో ఇవ్వండి.