ట్రెక్‌కి బ్యాగు సర్దేముందు కాటా తీయండి

నాలుగైదు రోజుల ట్రెక్‌లో రెండో రోజుకే భుజాలు లాగేస్తాయి, బ్యాగులో ఏది బరువో మాత్రం తెలియదు. హిమాచల్‌లో హంప్టా పాస్ (కొండల మధ్య కనుమ దారి)కి వెళ్లేముందు నేను వంటింటి కాటా మీద ఒక్కో వస్తువూ తూచి కాగితం మీద రాసుకున్నాను. జీన్స్ ఒక్కటే 700 గ్రాములు! దాని బదులు 300 గ్రాముల ట్రాక్ ప్యాంటు పెట్టుకున్నా. ఖాళీ స్టీల్ బాటిల్ 400 గ్రాములు తూగింది. లీటరు మినరల్ వాటర్ బాటిల్ ఖాళీది 30 గ్రాములు కూడా లేదు, అదే చాలు. టర్కీ టవల్ తీసేసి పల్చటి తువ్వాలు, షాంపూ సీసా బదులు రెండు సాషేలు. కిలోకి పైగా తగ్గింది. ఎక్కేటప్పుడు ఆ కిలో తేడా నిజంగా తెలుస్తుంది.

సర్దాక బ్యాగు తగిలించుకుని ఒకసారి, లేకుండా ఒకసారి బరువు చూసుకోండి. నీళ్లతో సహా బ్యాగు మన బరువులో ఐదో వంతు దాటకూడదు. అంటే 60 కిలోల మనిషికి 12 కిలోలు.

స్లీపింగ్ బ్యాగు, రెయిన్‌కోటు, బూట్ల దగ్గర మాత్రం గ్రాములు లెక్కపెట్టొద్దు. ఆ పాస్ సుమారు 4,270 మీటర్ల ఎత్తు. అక్కడ వేసవిలోనూ రాత్రి చలి ఎముకలు కొరికేస్తుంది, పల్చటి స్లీపింగ్ బ్యాగు దాన్ని అస్సలు ఆపదు.