తీపి జొన్న పాకం అడుగంటకుండా

మా పాలమూరులో తీపి జొన్న దంట్లు నమిలి పారేయడమే తప్ప పాకం కాయడం తక్కువ. నేను కాస్తే ప్రతిసారీ అడుగంటి చేదెక్కేది.

చెరుకు మిషన్‌లో ఆడించిన రసాన్ని పల్చటి బట్టలో వడకట్టి, స్టీలు గంజులో రెండు గంటలు కదపకుండా ఉంచండి. అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. అడుగంటేది అదే. పైతేట మాత్రం మెల్లగా వంచుకుని సన్న సెగ మీద కాచండి. పచ్చటి తెట్టు వస్తూనే ఉంటుంది, విసుగు లేకుండా తీసేయాలి. పది లీటర్ల రసానికి లీటరు, లీటరుంపావు పాకం. బెల్లంలా గడ్డ కట్టదు, తేనెలా జారుతుంది. జొన్న రొట్టెలోకి బాగుంటుంది.

ఎండాకాలం రెండు గంటలు దాటనివ్వకండి. నురగొచ్చి కల్లు వాసన కొడితే రసం పులిసినట్టే, ఇక పాకానికి పనికిరాదు.